టేపు కోసి తాళం కట్టడం: ‘యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్’ పద్ధతి

వైట్ నాయిస్ అనే ఎలక్ట్రానిక్ సంగీత బృందం తొలి ఆల్బమ్ ‘యాన్ ఎలక్ట్రిక్ స్టార్మ్’ 1969లో ఐలాండ్ రికార్డ్స్ విడుదల చేసింది. లండన్‌లో డేవిడ్ వోర్‌హౌస్, బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్‌కి (కార్యక్రమాలకు ఎలక్ట్రానిక్ శబ్దాలు తయారుచేసే విభాగం) చెందిన డెలియా డెర్బీషైర్, బ్రయాన్ హాడ్జ్‌సన్ కలిసి చేసిన పని అది. అందులోని లయల్లో బ్లేడుతో కోసి అతికించిన టేపు ముక్కలున్నాయి. రీల్ మెషీన్ (రీళ్ల మీద టేపు తిరిగే రికార్డర్) దొరికితే ఇవాళ ఇంట్లోనూ చేయొచ్చు.

టేపు మీద పొడవే కాలం. సెకనుకు 15 అంగుళాల వేగంలో, నిమిషానికి ఎన్ని బీట్లు కావాలో ఆ సంఖ్యతో 900ని భాగిస్తే ఒక బీటు పొడవు అంగుళాల్లో వస్తుంది. 90 బీట్లకు 10 అంగుళాలు, 100కి 9, 120కి 7.5. ఇంటి మెషీన్లు చాలావాటికి 7.5 అంగుళాల వేగమే గరిష్ఠం. అప్పుడు 450ని భాగించండి. మొదటిసారి 90 ఎంచుకుంటే మేలు, 15 అంగుళాల వేగంలో సగం బీటు 5, పావు బీటు 2.5 అంగుళాలు అవుతాయి.

కావలసినవి: పావు అంగుళం టేపు, 45, 90 డిగ్రీల గాళ్లున్న స్ప్లైసింగ్ బ్లాక్ (టేపును పట్టి ఉంచి కోసే దిమ్మ), కొత్త బ్లేడు, మైనపు పెన్సిల్, స్ప్లైసింగ్ టేపు (ముక్కలను అతికించే ప్రత్యేక టేపు). మామూలు సెల్లో టేపు వద్దే వద్దు. దాని జిగురు పక్కలకు కారి తర్వాతి చుట్టకు అంటుకుంటుంది, హెడ్లనూ (మెషీన్‌లో టేపు మీద రికార్డు చేసే, వినిపించే భాగాలు) పాడుచేస్తుంది. 1970, 80ల నాటి పాత టేపులు చవగ్గా దొరికినా జాగ్రత్త: కొన్ని రకాలు తేమ పీల్చుకుని, హెడ్ల మీద జిగట మడ్డిలా రాలతాయి. పల్చటి లాంగ్ ప్లే టేపు సాగిపోతుంది; స్టాండర్డ్ మందమే తీసుకోండి. ఇంటి మెషీన్లలో రీలు తిప్పి వేసి అదే టేపు మీద రెండో దిశలోనూ రికార్డు చేయొచ్చు కాబట్టి ఒక దిశే వాడండి, లేకపోతే ఒకటి కోసినప్పుడు రెండోదీ తెగుతుంది.

ముందు శబ్దాలు రికార్డు చేయండి: గిన్నె మోత, ఆసిలేటర్ (స్వరం పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం) స్వరం, ఏదైనా సరే. రీళ్లను చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా తిప్పుతూ, దెబ్బ మొదలయ్యే చోటు ప్లేబ్యాక్ హెడ్ దగ్గర టేపు వెనకవైపు గుర్తు పెట్టండి. శబ్దం రికార్డయ్యే ఆక్సైడ్ పూత వైపు మైనం తగలకూడదు.

కోత కోణం రుచిని మారుస్తుంది. 45 డిగ్రీల కోత పావు అంగుళం పొడవునా వాలుగా ఉంటుంది. 15 అంగుళాల వేగంలో అది సెకనులో 60వ వంతు ఫేడ్, అంటే ఒక శబ్దం తగ్గుతూ రెండోది పెరిగే మార్పు. సాగే స్వరాలకు అది హాయిగా ఉంటుంది. డ్రమ్ దెబ్బకు మాత్రం మొదటి అంచు మొద్దుబారుతుంది, అక్కడ 90 డిగ్రీలే సరి. దెబ్బ అంచును కావాలనే కోసి పారేసి, మోగుతున్న తోకను మాత్రమే ఉంచితే గిన్నె గిన్నెలా వినిపించదు. ఈ ఉపాయం ఒక్కటే ఎన్నో సింథసైజర్ల పెట్టు!

చివరలు గాలి చొరకుండా ఆనించి, వెనకవైపు అతికించి, గోటితో గట్టిగా రుద్దండి. ప్రతి అతుకు దగ్గరా టక్కుమంటుంటే బ్లేడుకు అయస్కాంతం పట్టిందన్నమాట. డీమాగ్నెటైజ్ చేయండి, లేదా మార్చేయండి. మౌనం కావలసిన చోట ప్లాస్టిక్ లీడర్ (శబ్దం రికార్డు కాని ఖాళీ పట్టీ) వేస్తే టేపు హిస్ (సన్నని బుసమోత) కూడా ఆగిపోయి గొయ్యిలా వినిపిస్తుంది. దాని బదులు ఏమీ రికార్డు చేయని అదే రకం టేపు ముక్క వేయండి.

నాలుగు బీట్లు, అంటే 40 అంగుళాలు, గుండ్రంగా అతికిస్తే లూప్. దాన్ని మైక్ స్టాండు చుట్టూ తిప్పి, మెషీన్ టెన్షన్ చేతిని పైకి పట్టి ఉంచే ఏర్పాటు చేయండి, లేకపోతే మోటారు ఆగిపోతుంది. బిగువు ఎక్కువైతే స్వరం ఊగుతుంది, తక్కువైతే టేపు క్యాప్‌స్టన్ (టేపును లాగే ఇరుసు) నుంచి జారుతుంది.

రెండు మెషీన్లను కలిపి మూడోదానిలోకి దించేటప్పుడు (కాపీ చేసేటప్పుడు) తేడా తప్పదు: వేగంలో 0.1 శాతం తేడా ఉన్నా నిమిషానికి 60 మిల్లీసెకన్లు పక్కకు పోతుంది. 20 సెకన్ల చొప్పున దించి, ఆ ముక్కలను అతికించుకోండి. కాపీ చేసిన ప్రతిసారీ హిస్ పెరుగుతుంది కాబట్టి ముఖ్యమైన స్వరాన్ని చివర్లో కలపండి. వేగం రెట్టింపు చేస్తే స్వరం పై స్థాయికి పోతుంది, పొడవు సగమవుతుంది. అందుకే వేగం మార్చి కాపీ చేశాకే కొలిచి కోయాలి.

పూర్తయిన రీలును వెనక్కి తిప్పకుండా, చివర బయటికి ఉండేలా దాచండి. పక్క చుట్టకు పాకే ప్రతిధ్వని అప్పుడు శబ్దానికి ముందు కాక వెనక వస్తుంది, పెద్దగా చెవిన పడదు.