అనంతగిరికి బస్సులోనో రైల్లోనో వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

హైదరాబాద్ నుంచి వికారాబాద్ సుమారు 75 కిలోమీటర్లు. అక్కడి నుంచి అనంతగిరి గుట్టలు మరో ఐదారు. కారు లేకపోయినా పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరొచ్చు.

• అన్నిటికంటే ముందు తిరుగు ప్రయాణం చూసుకోండి. వెళ్లడానికి బండ్లు దొరుకుతాయి, గుట్ట మీద చీకటి పడ్డాకే తిప్పలు. దింపిన ఆటో అన్న నంబరు తీసుకుని, ఎన్నింటికి రావాలో అప్పుడే చెప్పేయండి. ఓసారి మేం "ఏదో ఒకటి దొరకదా" అనుకుని చెప్పులు చేత పట్టుకుని ఊళ్లోకి నడిచొచ్చాం.

• లింగంపల్లి వైపు ఉండేవాళ్లు సికింద్రాబాద్ దాకా పోనక్కర్లేదు. అక్కడ ఆగే రైలు ఉందేమో చూసుకుంటే చాలు.

• ఆడవాళ్లు తెలంగాణ చిరునామా ఉన్న ఆధార్ లాంటి గుర్తింపు కార్డు వెంట ఉంచుకోండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో జీరో టికెట్ (ఉచిత ప్రయాణం) అది చూపిస్తేనే.

• కోతులు! పులిహోర పొట్లం చేతిలో కనబడితే మీది కాదనుకోండి. కవరు చప్పుడుకే దిగొస్తాయి. జిప్పున్న బ్యాగులో, అడుగున పెట్టండి.

• వానాకాలంలో రాళ్లు పాచి పట్టి ఉంటాయి. పట్టున్న బూట్లు వేసుకోండి.

• నీళ్లు, చిల్లర, ఛార్జింగ్.

• కార్తీకంలో అనంత పద్మనాభస్వామి జాతర ఉంటుంది. మూసీ పుట్టిన చోట ప్రశాంతంగా కూర్చుందామనుకుంటే మాత్రం ఆ రోజులు, ఆదివారాలు వద్దు. మామూలు మంగళవారమే మేలు.