తుపాన్లు రాకముందే చెబుతున్నా, వైర్‌షార్క్‌ను సుడోతో తెరవకండి

మొన్న పర్లాకిమిడిలో ఒక కేబుల్ నెట్ ఆఫీసులో, లైను ఎందుకు పడిపోతోందో చూద్దామని ఒక కుర్రాడు వాట్సాప్‌లో వచ్చిన క్యాప్చర్ ఫైలు, అంటే నెట్‌లో వెళ్లే ప్యాకెట్లను (డేటా ముక్కలను) పట్టి దాచిన ఫైలు, తెరిచాడు. అలాంటి ఫైళ్లను విప్పి చూపే ప్రోగ్రామ్ వైర్‌షార్క్ మూసుకుపోయింది. మళ్లీ తెరిచాడు, మళ్లీ పోయింది. టెర్మినల్‌లో చూస్తే ‘సుడో వైర్‌షార్క్’, అంటే మెషీన్ మీద పూర్తి అధికారం (రూట్) ఇచ్చి నడిపాడు. కస్టమర్ల రూటర్ పాస్‌వర్డులన్నీ ఆ లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. ఫైలు ఏం చేసిందో తేలక చివరికి మెషీన్ ఫార్మాట్ చేశారు, పాస్‌వర్డులన్నీ మార్చారు.

అక్టోబరులో మన ఒడిశా గంజాం, గజపతి జిల్లాల సంగతి తెలిసిందే. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ. ఫైబర్ తెగుతుంది, ఫోన్లు ఆగకుండా మోగుతాయి, ఆ టెన్షన్‌లో ఎవరు ఏ ఫైలు పంపినా తెరిచేస్తాం.

వైర్‌షార్క్‌లో ఒక్కో ప్రోటోకాల్‌ను (డేటా పంపే పద్ధతిని) విడదీసి చూపడానికి డిసెక్టర్ అనే ఒక్కో కోడ్ ముక్క ఉంటుంది. ఎక్కువ భాగం సి భాషలో రాసినవే. ‘నా పొడవు ఇంత’ అని ప్యాకెట్టే చెబుతుంది. కోడ్ 16 బైట్ల చోటు పెట్టుకుని, ఆ మాట నమ్మి 400 బైట్లు కాపీ చేసిందనుకోండి, మిగిలినవి పక్క మెమరీ మీద పడతాయి. ఫంక్షన్ పని ముగించి ఎక్కడికి తిరిగి వెళ్లాలో ఆ చిరునామా కూడా ఆ పక్కనే ఉంటుంది. దాన్ని మార్చగలిగితే ఇక నడిచేది ఆ ప్యాకెట్ తయారుచేసినవాడి కోడే. 2011లో వైర్‌షార్క్ డెక్ట్ (కార్డ్‌లెస్ ఫోన్ల ప్రోటోకాల్) డిసెక్టర్‌లో బయటపడింది ఇలాంటి లోపమే, 1.4.5 వెర్షన్‌లో సరిచేశారు. 2004లో విట్టీ వార్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రామ్) అయితే ఐసీక్యూ అనే చాట్ ప్రోగ్రామ్ ప్యాకెట్లను పరిశీలించే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లోకే దూరి, డిస్కుల మీద చెత్త రాసింది. ఎవరూ ఏదీ క్లిక్ చేయలేదు.

ఆ కోడ్‌కు ఉండే అధికారం మీరు ప్రోగ్రామ్‌కు ఇచ్చినంతే. రూట్ ఇచ్చారా, మెషీన్ మొత్తం వాడిదే. అందుకే సుడో వద్దు.

ఉబుంటులో ప్యాకెట్లు పట్టే పని డంప్‌క్యాప్ అనే చిన్న ప్రోగ్రామ్‌ది, అధికారం దానికొక్కదానికే చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు మామూలు యూజర్లకు అనుమతి ఇవ్వాలా అని అడిగితే అవుననండి. మీ యూజర్‌ను వైర్‌షార్క్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. విండోస్‌లో ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ నొక్కకండి.

కొత్త వెర్షన్ ఇప్పుడే దించి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, తుపాను తర్వాత దించుకోడానికి నెట్ ఉండదు. సర్వర్ మీద క్యాప్చర్ సేవ్ చేయడం వరకే, విప్పి చూడటం వేరే మెషీన్‌లో. ఆ మెషీన్‌లో పాస్‌వర్డులు ఉండకూడదు. తెలియని నంబరు నుంచి వచ్చిన ఫైలు తెరవొద్దు. తెలిసినవాళ్లు పంపినా సుడోతో తెరవొద్దు. ఒకసారి క్రాష్ అయితే రెండోసారి ప్రయత్నించొద్దు. ‘నీ దగ్గర తెరుచుకుంటుందేమో చూడు’ అని ఆ ఫైలును ఇంకో ఆపరేటర్‌కు అస్సలు ఫార్వర్డ్ చేయొద్దు.