పవర్ సప్లై ఎంచుకుందాం – 3వ పాఠం: లేబుల్ మీద 12 వోల్టుల గడి

పోయిన పాఠంలో కంప్యూటర్ ఎన్ని వాట్లు తింటుందో కూడి రాసుకున్నాం కదా, ఆ కాగితం తీసి పక్కన పెట్టుకోండి. మనం లెక్కకి తీసుకున్న మెషీన్‌లో ప్రాసెసర్‌కి 90, గ్రాఫిక్స్ కార్డుకి 170, మిగతావాటన్నిటికీ కలిపి ఓ 40. మొత్తం 300 వాట్లు. కంప్యూటర్ భాగాలకి కరెంటు అందించే డబ్బా, అంటే పవర్ సప్లై, 450 వాట్లది పెడితే బోలెడు అనుకుని ఆపాం. ఆ 450 అన్న అంకెని నమ్మవచ్చో లేదో ఇవాళ తేల్చుకోవాలి.

సప్లై పక్క భాగాన ఒక లేబుల్ అంటించి ఉంటుంది. అందులో చిన్న పట్టిక. పై వరసలో 3.3 వోల్టులు, 5 వోల్టులు, 12 వోల్టులు అని గడులు, వాటి కింద ఆంపియర్లు. మైనస్ 12, 5 వోల్టుల స్టాండ్‌బై అని ఇంకో రెండు గడులుంటాయి, వాటితో మనకి పెద్దగా పనిలేదు. స్కూల్లో చదివిన సూత్రమే ఇక్కడ కావలసింది: వోల్టుల్ని ఆంపియర్లతో గుణిస్తే వాట్లు.

రెండు సప్లైలు ఎదురుగా ఉన్నాయనుకుందాం. రెండిటి డబ్బాల మీదా పెద్ద అక్షరాలతో 450 అనే ఉంది. మొదటిదాని 12 వోల్టుల గడిలో 36 ఆంపియర్లని ఉంది. 12 × 36 = 432. అంటే చెప్పుకున్న బలమంతా దాదాపు ఈ ఒక్క లైన్‌లోనే దొరుకుతోంది.

రెండోదాన్ని చూడండి. 3.3 దగ్గర 28 ఆంపియర్లు, అంటే 92 వాట్లు. 5 దగ్గర 30, అంటే 150. 12 దగ్గర 17 మాత్రమే, అంటే 204. మూడూ కలిపితే 446. చిల్లర గడులు కూడా వేసుకుంటే 450 దాటుతుంది. లెక్క సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ మన ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి అడిగేది 260, అదీ దాదాపు మొత్తం 12 వోల్టుల లైన్ నుంచే. ఉన్నది 204. 5 వోల్టుల దగ్గర మిగిలిన 150 వాట్లు వాటికి అక్కరకు రావు.

ఈ తేడాకి కారణం పాతదే. ఒకప్పుడు ప్రాసెసర్లు 5 వోల్టుల లైన్ మీద బతికేవి. వాటి ఆకలి పెరిగేసరికి తీగల్లో ఆంపియర్లు మరీ ఎక్కువైపోయాయి. అందుకే 2000లో పవర్ సప్లైల కోసం వచ్చిన ఏటీఎక్స్ 12వీ ప్రమాణం ప్రాసెసర్ కోసం విడిగా 12 వోల్టుల కనెక్టర్ పెట్టింది. అక్కణ్ణించి మదర్‌బోర్డే దాన్ని దాదాపు ఒక వోల్టుకి దించి ప్రాసెసర్‌కి ఇస్తుంది. మన రెండో సప్లై పాతకాలపు అవసరాలకి తగ్గట్టు చేసినది, డబ్బా మాత్రం కొత్తది.

నేనూ ఇక్కడే బోల్తా పడ్డాను. గేమ్ మొదలెట్టిన పది నిమిషాలకి మెషీన్ దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ర్యామ్ మార్చాను, విండోస్ మళ్ళీ వేశాను, రెండు వారాలు టెన్షన్ పడ్డాను. ఆఖరికి సప్లై లేబుల్ చదివితే 12 వోల్టుల దగ్గర 16 ఆంపియర్లు! ముందే చదివుంటే రెండు నిమిషాల పని.

లేబుల్‌లో ఇంకో మెలిక ఉంది. కొన్నిటి మీద 12 వోల్టుల లైన్‌ని రెండుగా విడదీసి 12వీ1 కి 18, 12వీ2 కి 18 ఆంపియర్లని రెండు గడులుంటాయి. రెండూ కూడేసి 36 అనుకోకండి. వాటి కింద రెండిటికీ ఉమ్మడిగా ఒక వాట్ల అంకె ఇస్తారు, అసలు పరిమితి అదే. అక్కడ 336 అని ఉంటే దొరికేది 28 ఆంపియర్లే. 3.3, 5 వోల్టులకీ ఇలాగే ఉమ్మడి హద్దు ఉంటుంది. ఉమ్మడి అంకె ఎక్కడా వేయని లేబుల్‌ని నేనైతే నమ్మను. "పీక్" అన్న మాట పక్కనున్న వాట్లని కూడా లెక్కలోకి తీసుకోను, ఎందుకంటే అవి కాసేపే ఇవ్వగలిగినవి, నిలకడగా ఇచ్చేవి కావు.

మరి 80 ప్లస్ గోల్డ్ అని ముద్ర ఉంటే చాలదా అంటారేమో. అది చెప్పేది వేరే సంగతి. 90 శాతం సామర్థ్యమున్న సప్లై లోపల 300 వాట్లు ఇవ్వడానికి గోడ ప్లగ్గు నుంచి సుమారు 333 లాగుతుంది, మిగతా 33 వేడిగా పోతాయి. ముద్ర కొలిచేది ఆ వృథానే. వోల్టేజి ఎంత నిలకడగా ఉంటుంది, షార్ట్ అయితే సప్లై తనంతట తాను ఆగుతుందా అన్నవి ఆ పరీక్షలో లేవు. బంగారు రంగు చూసి మురిసిపోయి 12 వోల్టుల గడిని వదిలేయకండి.

అభ్యాసం: మెషీన్ ఆపి, ప్లగ్గు తీసి, పక్క మూత విప్పండి. సప్లై డబ్బాని మాత్రం విప్పవద్దు, లోపలి కెపాసిటర్లలో ప్లగ్గు తీశాక కూడా ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. లేబుల్ మూతవైపు కనబడకపోతే స్క్రూలు తీసి సప్లైని కాస్త బయటికి జరపండి. 12 వోల్టుల ఆంపియర్లు, ఉమ్మడి వాట్లు రాసుకుని, మీ కాగితంలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డుల మొత్తం పక్కన వేయండి. 12 వోల్టుల దగ్గర దొరికే వాట్లు ఆ మొత్తానికి కనీసం ఒకటింబావు రెట్లు లేకపోతే ఆ సప్లై పేరు ఎర్ర సిరాతో చుట్టండి. 4వ పాఠంలో కేబుళ్ళు, కనెక్టర్ల దగ్గరికి వెళ్దాం.