అభిమాన రచయిత కొత్త నవల నచ్చనప్పుడు లోపం ఎక్కడుందో పట్టుకోవడం ఎలా

ఒడిశాలోని మా బరంపురంలో ఉంటూ తెలుగు నవల చదవాలంటే ఇచ్ఛాపురం దాకా వెళ్లి చూడాలి, లేదా విశాఖపట్నం నుంచి వచ్చే బంధువులకు ముందే చెప్పి ఉంచాలి. అంత శ్రమపడి తెప్పించుకున్న పుస్తకం, ముప్పై ఏళ్లుగా అభిమానిస్తున్న సస్పెన్స్ రచయితదే అయి కూడా వందో పేజీకే చప్పబడిపోతే, ఆయన పని అయిపోయిందని తేల్చేయాలనిపిస్తుంది. అలా తేల్చే ముందు, లోపం ఆయన రాతలో ఉందో మన చదువులో ఉందో పరీక్షించి చూడాలి.

ముందుగా అదే రచయిత పాత నవలల్లో మీకు బాగా నచ్చినదాన్ని తీసి, పెన్సిల్ పట్టుకుని మళ్లీ చదవండి. ముగింపు మీకు తెలుసు గనుక, హంతకుణ్ణి పట్టించిన ఆధారం మొదట ఏ పేజీలో కనిపించిందో గుర్తు పెట్టండి. నా దగ్గరున్న ప్రతి, అద్దె పుస్తకాల షాపు మూసేస్తున్నప్పుడు కొన్నది (దాని మొదటి పేజీలోనే ఎవరో పుణ్యాత్ముడు హంతకుడి పేరు రాసి పెట్టాడు). అందులో ఇంటి అల్లుడు కాఫీ గ్లాసును ఎడమచేత్తో అందుకోవడం పన్నెండో పేజీలోనే ఉంది; ఆనాడు దాన్ని అల్లుడి గీర అనుకుని దాటేశాను. కొత్త నవలలోనూ అలాగే వెతికితే, అంతవరకు పేరైనా వినని కవల తమ్ముడు చివరి పాతిక పేజీల్లో ఊడిపడ్డాడు. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ చూపి తీరాలని, పాఠకుణ్ణి ముందుగా సిద్ధం చేయకుండా కవలలను దించకూడదని ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే నియమాలు రాశాడు.

పాత నవల వారపత్రికలో సీరియల్‌గా వచ్చినదైతే, దాని ప్రతి భాగాన్నీ వారం రోజుల ఎదురుచూపును లెక్కలో పెట్టుకుని ఆపి ఉంటారు. కొత్తదాన్ని ఒక్క రాత్రిలో ముగించి పోల్చడం న్యాయం కాదు గనుక, రోజుకొక అధ్యాయం చొప్పున చదివి చూడండి. నాకైతే దీనివల్ల పెద్ద తేడా కనిపించలేదు.

కాలం మారిన సంగతీ చూడాలి. ఆలస్యంగా అందిన టెలిగ్రాం, కలవని ట్రంక్ కాల్ పాత కథల్లో ఉత్కంఠను మోసేవి. టెలిగ్రాం సేవ 2013 జులైలో ఆగిపోయింది, కథానాయకుడి జేబులోకి ఫోను వచ్చింది. అతణ్ణి ఒంటరిని చేయడానికి కొత్త నవలలో ఎన్నిసార్లు ఫోన్ చార్జింగ్ అయిపోయిందో లెక్కపెట్టండి. నాకు నాలుగు తేలాయి. కథను రాయగడ నుంచి కోరాపుట్ వెళ్లే రైలెక్కించి ఉంటే, ఆ సొరంగాల్లో సిగ్నల్ దానంతట అదే పోయేది.

పాత నవల కూడా ఇప్పుడు చప్పగానే తోస్తే, మారినది మీ అభిరుచి. అది నిలబడి కొత్తది కూలితే, ప్రచురణకర్త చిరునామాకు పేజీల సంఖ్యలతో సహా ఉత్తరం రాయండి. తరువాతి నవల కొనే ముందు మాత్రం దుకాణంలోనే నిలబడి, చివరి పాతిక పేజీల్లో కొత్త పేర్లేమైనా ఉన్నాయేమో చూడాలి. ముగింపు తెలిసిపోతుందని భయపడేవారు ఆ పనిని వెంట వచ్చిన మనిషికి అప్పగించవచ్చు.