చలిలో ఈకలు రాలుస్తున్న కోడిపెట్టలను ఎలా చూసుకోవాలి?

పొద్దున గూడు తలుపు తీయగానే నేలంతా ఈకలు. రాత్రి ఏ పిల్లో కుక్కో దూరిందేమోనని గుండె ఆగినంత పనవుతుంది. లెక్కపెడితే పెట్టలన్నీ ఉంటాయి. కాకపోతే ఒకదానికి మెడ బోడిగా ఉంటుంది, ఇంకోదానికి తోకే ఉండదు. మొదటిసారి చూసినవాళ్లు జబ్బనుకుని టెన్షన్ పడతారు. చాలాసార్లు అది జబ్బు కాదు. పగటి వెలుతురు తగ్గేకొద్దీ కోడి పాత ఈకలు వదిలేసి కొత్తవి తెచ్చుకుంటుంది. మామూలుగా ఏడాదిన్నర వయసులో ఇది మొదలై, ఆ తర్వాత ఏటా ఒకసారి వస్తుంది. పూర్తవడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, నెమ్మదిగా రాల్చే పెట్టలకు ఇంకా ఎక్కువే.

కొన్ని పెట్టలు ఎవరికీ తెలియనంత నిదానంగా, ఒక్కో ఈకా రాలుస్తాయి. కొన్ని మాత్రం వారం పది రోజుల్లోనే సగం ఒళ్లు బోడి చేసుకుంటాయి. ఇలా ఒక్కసారిగా రాల్చినవే తొందరగా కోలుకుంటాయి. కానీ అది ఆలస్యంగా మొదలై ముదురు చలిలో పడితే, అన్నింటికన్నా ఎక్కువ ఇబ్బంది పడేవీ అవే. మీ కన్ను ముందు వాటి మీద ఉండాలి.

1. ఇది ఈకల మార్పేనా అని తేల్చుకోండి

ఈకలు రాలడానికి ఒక వరస ఉంది. తల, మెడ దగ్గర మొదలై రొమ్ము, వీపు, రెక్కల మీదుగా చివరికి తోక దాకా వస్తుంది. బోడిగా ఉన్న చోట పరీక్షగా చూస్తే ముళ్లలా పొడుచుకొస్తున్న కొత్త ఈకల మొలకలు కనిపిస్తాయి. గుడ్లు ఆగిపోతాయి, తురాయి వెలిసినట్టు పాలిపోతుంది. ఇవన్నీ మామూలే.

ఈ వరస లేకుండా ఒక్క వీపు మీదే, లేదా మలద్వారం చుట్టూ మాత్రమే ఈకలు పోయి, మొలకల జాడ లేకపోతే అనుమానించాలి. మలద్వారం చుట్టూ ఈకల మొదళ్లలో తెల్లటి గుత్తులు కనిపిస్తే అవి పేల గుడ్లు. రక్తం తాగే ఎర్ర మైట్లయితే (కంటికి సరిగ్గా ఆనని చిన్న పురుగులు) పగలు కోడి ఒంటి మీద దొరకవు. కూర్చునే కర్రల పగుళ్లలో దాక్కుని రాత్రి బయటికి వస్తాయి, అందుకే చీకటి పడ్డాక టార్చి వేసి కర్రల అడుగున వెతకండి. కోడి మేత మానేసినా, ముక్కు కారుతున్నా, ఎగశ్వాస వస్తున్నా పశువుల డాక్టరుకు చూపించండి.

2. మేత మార్చండి

అన్నింటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే. ఈకలో నూటికి 85 వంతులకు పైగా ప్రొటీనే. గుడ్డుకు వెళ్లాల్సిన ప్రొటీనంతా ఇప్పుడు ఈకలకు వెళుతోంది కాబట్టే గుడ్లు ఆగాయి. రోజూ వేసే లేయర్ దాణాలో, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం చేసినదానిలో, ప్రొటీన్ దాదాపు 16 శాతం ఉంటుంది. ఈకలు వచ్చే రోజుల్లో 18 నుంచి 20 శాతం ఉన్నది మేలు. ఎదిగే కోడిపిల్లల కోసం చేసిన దాణాల్లో అంత ఉంటుంది. సంచి మీద చదివి, మందు కలపనిది ఎంచుకోండి. ఉన్నట్టుండి మార్చకుండా, వారం పాటు పాతదానిలో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చండి.

ఈ దాణాలో కాల్షియం తక్కువ. గుడ్లు పెట్టని పెట్టకు అది మంచిదే, ఎందుకంటే లేయర్ దాణాలో ఉండే 3.5 నుంచి 4 శాతం కాల్షియం దానికి అవసరం లేదు. మందలో ఇంకా గుడ్లు పెడుతున్నవి ఉంటే, షెల్ గ్రిట్ (గవ్వల పలుకులు) వేరే గిన్నెలో పెట్టండి. కావలసినవి వెళ్లి తింటాయి.

పైమేతగా ఎండు పురుగులు, ఉడికించిన గుడ్డు, ఉప్పు లేని చేప ముక్కలు మంచివి. కోడికి గుడ్డు పెట్టడం వింతగా అనిపించినా, ఈకలకు కావలసిన ప్రొటీన్ అందులో బాగా దొరుకుతుంది. ఉడికించి చిదిమి పెట్టండి. సోయా గింజలు పచ్చివి వద్దు, వేయించో ఉడికించో పెట్టాలి. పచ్చి సోయాలో ప్రొటీన్ అరగనివ్వని పదార్థం ఉంటుంది. పైమేత మొత్తం రోజు తిండిలో పదో వంతు దాటకూడదు.

చలి కదా అని గుప్పిళ్లకొద్దీ మొక్కజొన్న వేయడం చాలామంది చేసే పొరపాటు. పడుకునే ముందు కొంచెం వేస్తే ఆ అరుగుదలతో రాత్రి ఒంట్లో వేడి పుడుతుంది, నిజమే. కానీ మొక్కజొన్నలో ప్రొటీన్ 8, 9 శాతమే. దాంతో కడుపు నిండితే దాణా తినదు, ఈకలు ఆలస్యమవుతాయి.

నీళ్లు గడ్డకట్టకుండా చూడండి. నీళ్లు తాగని కోడి మేత కూడా తగ్గిస్తుంది.

3. గూడు పొడిగా ఉంచండి

పొడి చలిని కోడి తట్టుకుంటుంది. తడి, దాని మీద చలిగాలి కలిస్తే తట్టుకోలేదు. కూర్చునే కర్ర ఎత్తులో గాలి సూటిగా తగిలే సందులన్నీ మూయండి. అలాగని గూడంతా బిగించేయకండి. ఊపిరి తేమ, రెట్టల ఘాటు పైకి పోవడానికి చూరు కింద, కోళ్ల తలల కన్నా ఎత్తులో, సందులు తెరిచే ఉండాలి. కింద ఊకో రంపపు పొట్టో మందంగా పరిచి, తడిసినంత మేర తీసేయండి. కర్ర వెడల్పుగా ఉంటే, అంటే 5 సెంటీమీటర్ల మందం, 10 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న చెక్కను వెడల్పు పైకి వచ్చేలా అమరిస్తే, కోడి కూర్చున్నప్పుడు వేళ్లు పొట్ట కిందికి వచ్చి వెచ్చగా ఉంటాయి.

వేడి లైటు మాత్రం దయచేసి పెట్టకండి. ఎండిన పొట్టు, ఎగిరే ఈకలు ఉన్న చోట అది పడితే గూడు నిమిషాల్లో అంటుకుంటుంది. ఇక స్వెట్టర్ తొడగడం ప్రేమతో చేసే పనే గానీ, అది లేత మొలకలను నొక్కుతుంది, తడిస్తే ఒంటికి చలి పట్టిస్తుంది.

4. ముట్టుకోకండి

కొత్త ఈక మొలకలో రక్తం పారుతూ ఉంటుంది. నొక్కితే కోడికి నొప్పి. రోజూ ఒళ్లోకి వచ్చి కూర్చునే పెట్ట కూడా ఈ రోజుల్లో దూరం జరుగుతుంది, నొచ్చుకోకండి. తప్పనిసరై ఎత్తాలంటే కింద నుంచి రెండు చేతులతో ఆనించి ఎత్తండి. మొలక విరిగి రక్తం వస్తే శుభ్రమైన గుడ్డతో కాసేపు అదిమి, కార్న్‌ఫ్లోర్ అద్దండి. ఆగేదాకా వేరుగా ఉంచండి, ఎరుపు కనిపిస్తే మిగతావి పొడుస్తాయి. కొత్త కోళ్లను మందలో కలపడం, గూడు మార్చడం ఇప్పుడు పెట్టుకోవద్దు.

5. వణుకుతున్న పెట్టను పక్కకు తీయండి

రోజంతా ముడుచుకుని నిలబడుతూ, వణుకుతూ, మేత దగ్గరికి కూడా రాకపోతే దానికి చలి ఆగడం లేదని అర్థం. గాలి తగలని గదిలోకి మార్చండి. బాగా వెచ్చని గది వద్దు, బయటికన్నా కాస్త నయంగా ఉంటే చాలు. లేకపోతే తిరిగి బయటికి పంపినప్పుడు మళ్లీ దెబ్బతింటుంది. దానితో పొసిగే ఇంకో పెట్టను తోడుగా ఉంచితే బెంగపడదు, తిరిగి మందలో కలపడమూ తేలిక. ఒళ్లంతా ఈక కప్పాక, పగటిపూట మొదలుపెట్టి బయటికి అలవాటు చేయండి.

గుడ్ల కోసం తొందరపడి ఈ మధ్యలో లైట్లు వేయకండి, ఈకలు పూర్తిగా రానివ్వండి. తర్వాత కావాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు వచ్చేలా తెల్లవారుజామున లైటు వెలిగేట్టు టైమర్ పెట్టుకోవచ్చు. సాయంత్రం వేస్తే, అది ఆరిపోయినప్పుడు కర్ర ఎక్కని కోళ్లు చీకట్లో నేల మీదే ఉండిపోతాయి. తురాయి మళ్లీ ఎర్రబడగానే లేయర్ దాణాకు మెల్లగా మారండి. మొదటి గుడ్డు అప్పటికి ఎంతో దూరంలో ఉండదు.