సైక్లోన్ అని ఎప్పుడనాలి? తుఫాను బులెటిన్ చదివే పద్ధతి

బంగాళాఖాతంలో మబ్బులు ముద్దకడితే చాలు, ‘సైక్లోన్ వస్తోంది’ అంటూ వాట్సాప్‌లో మెసేజ్‌లు మొదలవుతాయి. చాలాసార్లు అప్పటికి అక్కడున్నది అల్పపీడనమే. ఈ పేర్లన్నిటికీ కొలత ఉంది, ఆ కొలత గాలి వేగం.

భారత వాతావరణ శాఖ మూడు నిమిషాల సగటు గాలిని లెక్కలోకి తీసుకుంటుంది. అది గంటకు 31 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం. 62కి చేరాకే తుఫాను, అంటే సైక్లోన్. దానికి పేరు పెట్టేదీ అప్పుడే. కాబట్టి ఇంకా పేరు పెట్టలేదంటే అది సైక్లోన్ కానట్టే. 89 నుంచి తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్రం, 166 నుంచి అత్యంత తీవ్రం, 221 నుంచి సూపర్ సైక్లోన్. ‘పెను తుఫాను’ అనే మాటను పత్రికలు ఒకటి కంటే ఎక్కువ మెట్లకు వాడేస్తుంటాయి, అందుకని పక్కనున్న అంకె చూడండి. ‘80–90, అప్పుడప్పుడూ 100’ అని రాస్తే మొదటిది నిలకడగా వీచే గాలి, రెండోది ఉండుండి విసిరే గాలి. మెట్టు తేల్చేది మొదటిదే.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మెట్టు గాలి గురించి చెబుతుంది గానీ వాన గురించి కాదు. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం దగ్గర తీరం దాటింది వాయుగుండమే. విజయవాడ మునిగింది ఆ వానలకే. ‘తుఫాను కాదటగా’ అని ఏ వాగు పక్కనా నిశ్చింతగా ఉండొద్దు.

సైక్లోన్ అనే మాట పుట్టింది మన సముద్రం ఒడ్డునే. కలకత్తాలో ఉంటూ బంగాళాఖాతపు గాలివానలను పరిశీలించిన హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో దీన్ని ప్రతిపాదించాడు. పాము చుట్ట అనే అర్థం కూడా ఉన్న గ్రీకు మాట నుంచి తీసుకున్నాడు. గాలి తిరుగుతుందని చెప్పాలి, కానీ అచ్చమైన వలయమని తేల్చి చెప్పకూడదు. చుట్ట అందుకు సరిగ్గా సరిపోయింది. కాకినాడ పక్కనున్న కోరంగిని 1789లోనూ 1839లోనూ ముంచిన ఉప్పెనలు ఆయన కాలపు చర్చల్లోవే.

హరికేన్, టైఫూన్ కూడా ఇదే జాతి. అట్లాంటిక్‌లో హరికేన్, వాయవ్య పసిఫిక్‌లో టైఫూన్. టోర్నడో మాత్రం వేరు, దాన్ని సైక్లోన్ అనకూడదు. ‘సైక్లోన్ తుఫాను’ అంటే ఒకే మాట రెండుసార్లు అన్నట్టు.

చుట్ట ఎటు తిరుగుతుందో తెలిస్తే తీరంలో పనికొస్తుంది. మన అర్ధగోళంలో గాలి గడియారం ముళ్లకు ఎదురు దిశలో తిరుగుతుంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. తుఫాను పడమరకో వాయవ్యానికో కదులుతున్నప్పుడు, మీ దగ్గర ఈశాన్యం నుంచి వీచే గాలి తూర్పు నుంచి, తర్వాత ఆగ్నేయం నుంచి వీచేలా మళ్లుతుంటే కేంద్రం మీకు దక్షిణంగా తీరం దాటుతోందన్నమాట. సముద్రాన్ని ఒడ్డుకు తోసేది ఆ గాలే, ఉప్పెన భయం మీ వైపే ఎక్కువ. గాలి ఉత్తరం నుంచి, తర్వాత వాయవ్యం నుంచి వీచేలా మళ్లుతుంటే కేంద్రం మీకు ఉత్తరంగా పోతోంది. అయితే ఇది చూసుకుని తేల్చుకుందామని ఒడ్డున ఆగొద్దు, ఖాళీ చేయమన్నప్పుడే కదలాలి.

హోరున వీచే గాలి ఒక్కసారిగా ఆగి, ఆకాశం తేటపడితే అది తుఫాను కన్ను. అప్పుడు బయటికి రావద్దు. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా విరుచుకుపడుతుంది, మొదటి గాలికి వదులైన రేకులు, చెట్లు అప్పుడే కూలుతాయి.