ఇంటి ఖర్చును దేశ సగటుతో సరిపోల్చుకోవడం ఎలా

2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం మన దేశంలో తలసరి నెలవారీ ఖర్చు పల్లెల్లో 4,122 రూపాయలు, పట్టణాల్లో 6,996 రూపాయలు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవి వరుసగా 5,327, 7,182. మన ఇంటి ఖర్చు వీటితో ఎక్కడ తూగుతుందో తెలియాలంటే, సర్వేవారు లెక్క కట్టిన తీరులోనే మనమూ కట్టాలి.

ఒక నోటుపుస్తకంలో ఖర్చులను మూడు కాలాలుగా విడదీసి రాయండి. చేపలు, మాంసం, కూరగాయలు, నూనె గడిచిన ఏడు రోజులకు. బియ్యం, పప్పులు, పాలు, గ్యాసు, కరెంటు ముప్పై రోజులకు. బట్టలు, చెప్పులు, చదువు ఫీజులు, ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చు, ఫ్రిజ్ వంటి వస్తువులు ఏడాదికి. ఆదివారం పులుసుకని వారానికి 350 రూపాయల చేపలు తెస్తే, ముప్పైతో హెచ్చవేసి ఏడుతో భాగిస్తే నెలకు 1,500 వస్తుంది. సంక్రాంతి బట్టలకు పెట్టిన 12,000 ఒక్క జనవరి మీద పడకుండా, 365 రోజులకు పంచి ముప్పైతో హెచ్చవేస్తే నెలకు 986 అవుతుంది. మొత్తం కూడి, చంటిబిడ్డతో సహా ఇంట్లో ఉన్న ప్రతి తలకూ భాగించాలి.

మన జిల్లాల్లో లెక్క ఎక్కువగా తప్పేది సొంత పంట దగ్గర. నెల్లూరు జిల్లా కోవూరు వైపు రైతు తిండికని అర పుట్టి, అంటే 425 కిలోల ధాన్యం ఉంచుకుని, బియ్యం ఖర్చు కింద సున్నా వేస్తాడు. ఆ ధాన్యం అమ్మితే డబ్బు వచ్చేదే కనుక, నెలలో తిన్న మేరకు కళ్లం ధర కట్టి రాయాలి. సొంత గేదె పాలకూ ఇదే లెక్క. ఉచిత రేషన్ బియ్యాన్ని మాత్రం 4,122తో పోల్చేటప్పుడు వదిలేయాలి, ఎందుకంటే ఉచితంగా అందిన వాటి విలువ కలిపితే ఆ సగటు 4,247 అవుతుంది. అప్పు వాయిదాలు, స్థలం కొన్న సొమ్ము వినియోగంలోకి రావు.

తర్వాత తిండి వాటా చూడండి. పల్లెల్లో 1999-2000లో ఖర్చులో 59 శాతానికి పైగా తిండికే పోయేది. 2023-24లో అది 47 శాతం. ఆదాయం పెరిగేకొద్దీ ఈ వాటా తగ్గుతుందని 1857లోనే జర్మన్ గణాంకవేత్త ఎర్నెస్ట్ ఎంగెల్ గమనించాడు. మీ ఇంట్లో అది పెరిగితే కూరగాయల ధరలు కూడా కారణం కావచ్చు గనుక తొందరపడి పేదరికమనుకోవద్దు.

నా దృష్టిలో అసలు జాగ్రత్త ధరల విషయంలోనే. 2011-12లో పల్లెల సగటు 1,430 రూపాయలు. 4,122 దానికి దాదాపు మూడు రెట్లుగా కనిపిస్తుంది. అదే మొత్తాన్ని 2011-12 ధరల్లోకి మారిస్తే 2,079 మాత్రమే, అంటే పెరుగుదల 45 శాతం. అందుకే రూపాయల పక్కన కిలోలు, లీటర్లు రాసే గడి కూడా పెట్టుకోండి. నిరుడు ఇదే నెలలో నాలుగు లీటర్ల నూనె వాడి, ఇప్పుడూ నాలుగే వాడితే, బిల్లులో పెరిగిందంతా ధర.